పిడికిలి, పక్కన ఒక వేలు

హన్మకొండ

చిరంజీవులైన మనుమలకు, మనుమరాండ్లకు తాత దీవెనలు.

"మా వాడకట్టుల సద్దుల బతుకమ్మ ఒకనాడు, పక్క వాడకట్టుల మర్నాడు ఎందుకైంది తాతా?" అని ఫోన్ల అడిగితిరి. అప్పుడు సరిగ్గ చెప్పలేకపోయిన.

తిథి అంటే రోజు అనుకుంటం, చిక్కంతా అక్కడే. తిథి ఒక దూరం. అమావాస్యకు సూర్యుడు, చంద్రుడు ఒక్క దిక్కునే ఉంటరు. ఆ తర్వాత ఇద్దరి నడుమ ఎడం 12 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఒక తిథి ఒడుస్తది. చుట్టూ 360 డిగ్రీలు గనుక నెలకు 30 తిథులు. డాబా ఎక్కి చెయ్యి బార్లా చాపి పిడికిలి బిగించండి. ఆకాశంల అది దాదాపు 10 డిగ్రీలు మూస్తది. పక్కన ఇంకో వేలు పెడితే ఒక తిథి.

అయితే చంద్రుడు ఒక్కతీరుగ నడవడు. భూమికి దగ్గరైతే ఉరుకుతడు, దూరమైతే నిదానిస్తడు. అందుకే ఒక తిథి 20 గంటలకే అయిపోతది, ఇంకోటి 26 గంటలు సాగుతది. పొద్దు పొడిచేటప్పుడు ఏ తిథి ఉంటే ఆ రోజుకు ఆ పేరు. రెండు పొద్దుపొడుపులు చూసిన తిథికి రెండు రోజులు దక్కుతయి. ఒక్కటీ చూడని తిథికి రోజే లేదు, దాన్ని క్షయ తిథి అంటరు.

ఇగ వేళ్లు మడవండి. పెత్రమాస, అంటే భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మ, అక్కడినుంచి పాడ్యమి, విదియ... అష్టమికి సద్దులు. తొమ్మిది. నడుమ ఒక తిథి రెండు రోజులు కూసుంటే అష్టమి పదో నాటికి పోతది. తొమ్మిదో నాడు సాగనంపాలె అని ఒకరు, అష్టమే ముఖ్యమని ఇంకొకరు. మీ నానమ్మ అయితే తంగేడు వాడకముందు పేర్చాలె అంటది, ఆమెకు అదే పంచాంగం.

అన్ని పండుగలకూ పొద్దుపొడుపే లెక్క గాదు. వేయిస్తంభాల గుడిల శివరాత్రి జాగారం చేస్తం గదా, దానికి నడిరాత్రి చతుర్దశి ఉండాలె.

రాహుకాలం సంగతి వేరే. పగటిని ఎనిమిది వంతులు చేసి రోజుకొక వంతు రాహువు కిస్తరు. క్యాలెండర్ల సోమవారం 7:30 నుంచి 9 అని ఉంటది. పొద్దు ఆరింటికి పొడిచి ఆరింటికి గూకితేనే ఆ లెక్క కుదురుతది. నా పడుచుతనంల ఒక డిసెంబర్ సోమవారం మా బాపు ఆ గంటన్నర నన్ను గడప దాటనియ్యలే. కాజీపేటల రైలు ఎల్లిపోయింది, ఇంటర్వ్యూ పాయె. డిసెంబర్‌ల మన దగ్గర పొద్దు ఆరున్నర అటుఇటుగ పొడుస్తది. ఆ లెక్కన రాహుకాలం మొదలయ్యేది ఎనిమిదింటి దగ్గర. ఏడున్నరకు ఎల్లినా రాహువు ఇంకా నిద్ర లేవకపోవు! ఈ మాట బాపుకు ఎన్నడూ చెప్పలే.

వచ్చే అమావాస్య దాటినంక విదియనాడు పొద్దు గూకంగనే పడమర దిక్కు చూడండి. నెలవంక ఎన్ని పిడికిళ్ల మీద ఉందో కొలిచి ఫోన్ చేయండి. నానమ్మ మలీద ముద్దలు పంపుతున్నది. డబ్బా వాపస్ తేవాలె అని మరీమరీ చెప్పమన్నది.

మీ తాత