మూడు ఊపిరితిత్తుల పార్క్

చిన్నోడికీ అమ్ములుకీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్నోడి ఏడుపు విన్నప్పట్నుంచి నాకు మనసు బాలేదురా. టీంలోకి తీసుకుని కూడా మ్యాచంతా బెంచీ మీదే కూర్చోబెట్టారన్నావు కదా. అందుకే నాకు బాగా ఇష్టమైన ఫుట్‌బాల్ ప్లేయర్ గురించి రాస్తున్నా, పేరు పార్క్ జీ సంగ్, దక్షిణ కొరియా వాడు, 2014లోనే రిటైరైపోయాడు.

చిన్నప్పుడు సువాన్ ఊళ్లో బక్కగా పొట్టిగా ఉండేవాడు, పైగా చదును పాదాలు, మన అరికాలి మధ్యలో వంపు ఉంటుంది చూడు అది అతనికి లేదు. ఒంటికి బలం వస్తుందని వాళ్ల నాన్న కప్పల రసం తాగించేవాడట, అమ్ములూ మొహం అలా పెట్టకు, పాపం తాగేశాడు. హైస్కూల్ అయ్యాక అక్కడి ప్రొఫెషనల్ క్లబ్బులు వద్దంటే కాలేజీలో ఆడాడు, అక్కణ్ణుంచి 2000లో జపాన్‌లో క్యోటో క్లబ్బుకి వెళ్లాడు.

2002 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ అతని సొంత దేశంలోనూ, జపాన్‌లోనూ కలిపి జరిగింది. పోర్చుగల్ మీద బంతిని ఛాతీతో ఆపి, కుడికాలితో ఎదుటోణ్ణి తప్పించి, ఎడంకాలితో గోల్ కొట్టేసి కోచ్ హిడింక్ దగ్గరికి పరిగెత్తి అమాంతం వాటేసుకున్నాడు. కొరియా ఆ కప్పులో నాలుగో స్థానం దాకా వెళ్లింది.

ఆ హిడింకే తర్వాత హాలండ్‌లో పీఎస్‌వీ క్లబ్బుకి తీసుకెళ్లాడు, అసలు కష్టం అక్కడే మొదలైంది. మోకాలికి ఆపరేషనైంది, ఆట కుదరలేదు, గ్రౌండ్‌లోకి వస్తే సొంత ఫ్యాన్సే గోల చేసి వెక్కిరించేవాళ్లు, ఎంతలా అంటే కోచ్ కొన్నాళ్లు బయటి ఊళ్ల మ్యాచ్‌లకే ఎక్కువగా దింపాడు. నేనైతే ఇంటికొచ్చేసేవాణ్ణేమో, అతను మాత్రం ఉండిపోయాడు. 2005లో ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ) సెమీస్‌లో ఇటలీ క్లబ్బు ఏసీ మిలాన్ మీద గోల్ కొట్టాడు. వెక్కిరించిన ఆ స్టేడియంలోనే అతని పేరు మీద పాట పాడారు!

అదే ఏడాది ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బుకి వెళ్లాడు, ఏడు సీజన్లు, 205 మ్యాచ్‌లు, 27 గోల్స్, నాలుగు లీగ్ టైటిల్స్. గోల్స్ తక్కువే అనిపిస్తుంది గానీ అతని పని వేరు, అలుపు లేకుండా పరిగెత్తడం, ఖాళీలు మూయడం, అందుకే మూడు ఊపిరితిత్తుల పార్క్ అనేవాళ్లు. 2010లో మిలాన్ మీద రెండు మ్యాచ్‌ల్లో వాళ్ల ఆటగాడు పిర్లోని నీడలా వెంటాడి అసలు ఆడనివ్వలేదు, పిర్లో అంటే ఆషామాషీ ప్లేయర్ కాదు.

ఇంక చిన్నోడా, నీకు చెప్పాలనుకున్నది ఇదీ. 2008 ఛాంపియన్స్ లీగ్‌లో బార్సిలోనా మీద సెమీస్ రెండు మ్యాచ్‌లూ ఆడి టీంని ఫైనల్‌కి చేర్చాడు, మాస్కోలో ఫైనల్ రోజు మాత్రం బెంచీ మీద కూడా చోటివ్వలేదు, సూటు వేసుకుని చూస్తూ కూర్చున్నాడు. తర్వాత కోచ్ ఫెర్గూసన్ కూడా దాని గురించి బాధపడ్డాడు. మరుసటి ఏడాది రోమ్‌లో ఫైనల్‌కి మొదటి నుంచే దింపాడు. ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో ఆడిన మొదటి ఆసియా ప్లేయర్ పార్కే. మ్యాచ్ ఓడిపోయారనుకో, అది వేరే సంగతి.

చివరికి ఆ మోకాలే ఆపేసింది, 33 ఏళ్లకే.

పోర్చుగల్ గోల్ వీడియో నాన్ననడిగి చూడండి, ఇద్దరూ. నీ తర్వాతి మ్యాచ్‌కి వీడియో కాల్ పెట్టమను, బెంచీ మీదున్నా సరే నాకు చూపించమను.

ఉంటాను,
తాతయ్య