హార్మోనియానికి శుద్ధ శ్రుతి: అపోహలు - వాస్తవాలు

అపోహ: పెట్టెను ఒక్కసారి శుద్ధంగా (స్వరాలు 3/2, 5/4 లాంటి సరళ నిష్పత్తుల్లో ఉండేలా) శ్రుతి చేయిస్తే ఏ శ్రుతిలో వాయించినా శుద్ధంగానే పలుకుతుంది.

పలకదు. నల్లగొండలో నా దగ్గరికి రిపేరుకొచ్చే పెట్టెల్లో చాలావాటికి ఈ నమ్మకమే కారణం. ఎందుకు పలకదో చూడాలంటే కాగితం మధ్యలో ‘స’ అని చుక్క పెట్టండి. కుడికి ఒక్కో అడుగు పంచమం, అంటే 3/2తో గుణించడం. పైకి ఒక్కో అడుగు అంతర గాంధారం, 5/4తో. ఎడమకో కిందికో జరిగితే భాగించాలి. స్థాయి (స నుంచి పై స దాకా) దాటితే సగం చేయాలి, తగ్గితే రెట్టింపు.

స 240 హెర్ట్జ్ అనుకుందాం. కుడికి రెండడుగులేస్తే రి 270. పైకొకటి, ఎడమకొకటి వేస్తే ద 400. ఇప్పుడు ఆ రినే షడ్జమం చేసుకోండి. దాని పంచమం ఇంకో అడుగు కుడికి, 405 దగ్గరుంది. కాగితం మీద రెండు వేరు వేరు చుక్కలు, పెట్టెలో ఒక్కటే మెట్టు, అదీ 400. రి, ద మెట్లు రెండూ కలిపి నొక్కితే సెకనుకు పదిసార్లు ‘వవవవ’ అని ఊగుతుంది.

దేవరకొండ వైపు భజన మండలి ఒకటి ఒకటో శ్రుతికి చేయించుకుని, కొత్త గాయకుడు రాగానే రెండులో మొదలుపెట్టింది. అపస్వరం వస్తోందని ఎవరితోనో ధైవతం రీడు (లోపల మోగే ఇత్తడి నాలుక) కొసన గీకించారు. పాత గాయకుడు పాడినరోజు మళ్లీ మొదట్లో గీకించారు. స్వరం పెంచాలన్నా తగ్గించాలన్నా పోయేది ఇత్తడే. నా దగ్గరికొచ్చేసరికి ఆ నాలుక అరిగిపోయి రీడే మార్చాల్సి వచ్చింది. స్కేల్ చేంజర్ (మెట్ల వరసను పక్కకు జరిపే ఏర్పాటు) ఉందిగా అంటారు. కదిలేది మెట్లు, కింద రీడ్లు అవే. ఎప్పుడూ ఒకే శ్రుతిలో పాడేవాళ్లే శుద్ధ శ్రుతి అడగండి. గాయకులు మారే మండలికి మామూలు సమాన శ్రుతే (స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసేది) మేలు.

అపోహ: శ్రుతి చూసే యాప్‌లో గాంధారం తక్కువ చూపిస్తోంది, మా పాపకు శ్రుతిజ్ఞానం లేదు.

ఈ టెన్షన్‌తో వచ్చే తల్లులను చూస్తే బాధేస్తుంది. తంబురాతో కలిసిన గాంధారం స నుంచి 386 సెంట్లు (స్థాయిలో 1200వ వంతు ఒక సెంటు), యాప్ కొలిచేది సమాన శ్రుతిలోని 400తో. ఆ 14 తేడా పాప తప్పు కాదమ్మా, చెవి బాగుందని అర్థం. ఆ యాప్ తీసేయండి.

అపోహ: పన్నెండు పంచమాలు వేస్తే తిరిగి స దగ్గరికే వస్తాం. కచ్చితంగా రాలేం, దాదాపు 23 సెంట్లు పైన తేలతాం.

అపోహ: ఈ చుక్కల పటం కంప్యూటర్లు వచ్చాక పుట్టింది. గణిత శాస్త్రవేత్త ఆయిలర్ 1739లోనే ఇలాంటిది అచ్చువేశాడు.

ఇక 432 హెర్ట్జ్‌కు మారిస్తే రోగాలు పోతాయనే వాట్సాప్ మెసేజ్‌లు దయచేసి నాకు పంపకండి. స ఎక్కడ పెట్టుకున్నా నిష్పత్తులు అవే.