పెళ్ళయ్యాక రాయించిన జాతకం: సైకాలజీ పేపర్లలో పాత తగవు

బెంగళూరులో సైకాలజీ పీహెచ్‌డీ చేస్తున్న తెలుగు స్కాలర్ల మధ్య జర్నల్ రివ్యూయర్ల నుంచి వచ్చే ఒక తరహా వ్యాఖ్య మళ్ళీ నలుగుతోంది. డేటాలో తేలని పరికల్పనలు (ముందుగా వేసుకున్న అంచనాలు) తీసేసి, ఉపోద్ఘాతాన్ని ఫలితాలకు తగ్గట్టు సవరించమన్నది దాని సారాంశం. ఒప్పుకుంటే పేపర్ గట్టెక్కుతుంది, లేదంటే ఇంకో జర్నల్ గడప తొక్కాలి. ఎప్పటినుంచో ఇలాగే రాస్తున్నాం కదా, ఇందులో తప్పేముందని కొందరు గైడ్లు అంటున్నారు.

ఆ "ఎప్పటినుంచో" వెతకడానికి సైకాలజీ మొదలైన జర్మనీ ప్రయోగశాలల దాకా పోనక్కర్లేదు. 1987 చాలు. ఆ ఏడాది అమెరికన్ సామాజిక మనోవిజ్ఞాని డారిల్ బెమ్, పరిశోధన వ్యాసం ఎలా రాయాలో కొత్తవాళ్ళకు చెబుతూ ఒక అధ్యాయం రాశారు. అధ్యయనం మొదలుపెట్టినప్పుడు రాద్దామనుకున్న వ్యాసం ఒకటి, ఫలితాలు చూశాక అర్థవంతంగా కుదిరే వ్యాసం ఇంకొకటి, రాయాల్సింది రెండోదేనన్నారు. అలా రాసింది చదవడానికి హాయిగా ఉంటుంది, కాదనలేం. కానీ పెళ్ళయ్యాక జాతకాలు రాయించి పొంతన కుదిరిందనడం లాంటిదే ఇదీ. 1998లో మనోవిజ్ఞాని నార్బర్ట్ కెర్, ఫలితాలు తెలిశాక పరికల్పన అల్లే ఈ పద్ధతికి హార్కింగ్ అని పేరు పెట్టి తప్పుబట్టినా, రాసేవాళ్ళ అలవాటు మారలేదు.

2011లో అదే బెమ్, జరగబోయేది మనిషికి ముందే అందుతుందంటూ 9 ప్రయోగాలు, 1,000 మందికి పైగా పాల్గొన్న వ్యాసం ప్రచురించారు. పేరున్న జర్నల్, మామూలు రివ్యూ, అన్నీ దాటింది. అదే ఏడాది సిమన్స్, నెల్సన్, సైమన్సన్ అనే ముగ్గురు పరిశోధకులు, లేని ప్రభావం ఉన్నట్టు ఎలా తేలుతుందో లెక్క వేసి చూపించారు: రెండు కొలతల్లో నచ్చింది ఎంచుకోవడం, గ్రూపుకు మరో 10 మందిని చేర్చి మళ్ళీ చూడడం, లింగభేదాన్ని లెక్కలో కలిపి చూడడం, మూడు గ్రూపుల్లో ఒకదాన్ని వదిలేయడం. ఈ నాలుగూ కలిస్తే 5 శాతం ఉండాల్సిన తప్పుడు ఫలితాల అవకాశం దాదాపు 61 శాతానికి చేరుతుంది. 2015లో 100 సైకాలజీ అధ్యయనాలను మళ్ళీ చేసి చూస్తే, మొదట వాటిలో 97 శాతం తేలగా ఈసారి 36 శాతమే తేలాయి.

మన దగ్గరి ఉదాహరణ తీసుకుందాం. మారతహళ్ళి పీజీల్లో ఉండే తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ఒత్తిడి మీద అయిదు పరికల్పనలు అనుకోండి. నిజంగా ఏ ప్రభావమూ లేకపోయినా, ఒక్కోదానికి 5 శాతం చొప్పున అయిదు స్వతంత్ర పరీక్షల్లో కనీసం ఒకటి పొరపాటున తేలే అవకాశం సుమారు 23 శాతం. మిగతా నాలుగూ పేపర్లోంచి తీసేస్తే చదివేవాడికి ఆ 23 కనబడదు, 5 మాత్రమే కనబడుతుంది. రివ్యూయర్ అడుగుతున్నది, తెలిసో తెలియకో, ఇదే.

దీనికి విరుగుడుగా 2013లో కార్టెక్స్ జర్నల్ రిజిస్టర్డ్ రిపోర్టులు మొదలుపెట్టింది. డేటా తీయకముందే ఉపోద్ఘాతం, పద్ధతి, విశ్లేషణ ప్రణాళిక రివ్యూకి వెళ్తాయి. అక్కడ సరేనంటే, చెప్పినట్టు చేసినంతకాలం ఫలితం ఎటు తేలినా ప్రచురణ ఖాయం. నమూనా పరిమాణం దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు. రెండు గ్రూపుల మధ్య 0.5 ప్రభావం (ప్రామాణిక విచలనంలో సగం తేడా) పట్టుకోవడానికి 80 శాతం పవర్ (ఉన్న ప్రభావం దొరికే అవకాశం) చాలనుకుంటే గ్రూపుకు 64 మంది, 90 శాతం కావాలంటే 86 మంది. ప్రశ్నావళి తెలుగు అనువాదం, దాన్ని మళ్ళీ ఇంగ్లీషులోకి తిప్పి సరిచూడడం కూడా ముందే ముగించుకోవాలి. డేటా సేకరణ సగంలో ఒక ప్రశ్న మార్చితే ప్రణాళిక తప్పినట్టే.

గైడ్ల మరో వాదన గడువు గురించి. డేటాకి ముందే రివ్యూ అంటే నెలలు పోతాయి, పీహెచ్‌డీకున్న ఆరేళ్ళ గరిష్ఠ పరిమితి ఆగదు. అదీ నిజమే. అయితే థీసిస్‌కు ముందు ఒక పేపర్ తప్పనిసరన్న 2016 యూజీసీ నిబంధన 2022లోనే పోయింది. 2025 ఫిబ్రవరిలో యూజీసీ ఆమోదించిన జర్నళ్ళ కేర్ జాబితా కూడా ఎత్తేశారు. ఏ జర్నల్ మంచిదో తేల్చే పని ఇప్పుడు సంస్థలదే. పేపర్ ఉండాలని ఇంకా పట్టుబడుతున్న చోట ఆ పట్టు సంస్థ సొంత నిబంధనదే.

రివ్యూయర్‌కు జవాబు రాసేటప్పుడు స్కాలర్లకు దారి లేకపోలేదు. అయిదు పరికల్పనలూ ఉంచి, తేలనివాటికి కూడా ప్రభావ పరిమాణం, విశ్వాస అంతరం (ఆ అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే హద్దులు) ఇచ్చి, డేటా చూశాక తట్టినదాన్ని "అన్వేషణాత్మక విశ్లేషణ" అన్న వేరే శీర్షిక కింద పెట్టడం. ప్రణాళికను డేటాకి ముందే రిజిస్టర్ చేసి ఉంటే ఆ తేదీని జవాబు లేఖ మొదటి పేరాలోనే, ఎడిటర్ కంటపడేలా రాయాలి. వ్యాఖ్య రివ్యూయర్‌దైనా తీర్పు ఎడిటర్‌ది.