రియాక్టివ్ అని వస్తే హెచ్‌ఐవీ ఉన్నట్టేనా?

హెచ్‌ఐవీ పరీక్ష కాగితం మీద "రియాక్టివ్" (పరీక్షకు ఏదో దొరికింది) అన్న మాట కనబడగానే చాలామందికి కాళ్లకింద నేల కదిలిపోతుంది. "నాన్‌రియాక్టివ్" (ఏమీ దొరకలేదు) అని ఉంటే మడిచి జేబులో పెట్టుకుని మరిచిపోతారు. రెండూ తొందరపాటే.

మామూలుగా చేసే ర్యాపిడ్ పరీక్ష వైరస్‌ను వెతకదు. వైరస్ వచ్చాక ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలను వెతుకుతుంది. అవి పరీక్షకు దొరికేంతగా పెరగడానికి పట్టే కాలమే విండో పీరియడ్. వేలికొస రక్తంతో చేసే ర్యాపిడ్ కార్డుకు ఇది 23 నుంచి 90 రోజులు. యాంటీబాడీలతో పాటు వైరస్ లోపలి పీ24 ప్రోటీన్‌నూ పట్టుకునే నాలుగో తరం పరీక్షను, నరం నుంచి తీసిన రక్తంతో ల్యాబ్‌లో చేస్తే 18 నుంచి 45. వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే న్యాట్‌కు 10 నుంచి 33.

జూన్ 1న ఏదో జరిగిందని అనుమానం, జూన్ 20న ర్యాపిడ్ నాన్‌రియాక్టివ్ అనుకుందాం. 90 రోజులు వెనక్కి లెక్కేస్తే, ఆ కాగితం గట్టిగా చెప్పగలిగేది మార్చి 22కి ముందు సంగతే. జూన్ 1 సంగతి తేలాలంటే ఆగస్టు 30 దాకా ఆగి మళ్లీ చేయించుకోవాలి. ఈలోగా జాగ్రత్త తప్పదు, ఎందుకంటే సోకిన తొలి వారాల్లోనే రక్తంలో వైరస్ విపరీతంగా ఉంటుంది. అనుమానం ఉన్న సంఘటన జరిగి ఇంకా 72 గంటలు దాటలేదంటే ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి ఆస్పత్రికి పరుగెత్తి పెప్ మందులు, అంటే వైరస్ పాతుకుపోకుండా ఆపే మందులు, అడగాలి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 28 రోజులు వాడాలి.

ర్యాపిడ్ కార్డు మీద సీ (కంట్రోల్, కార్డు పనిచేసిందని చెప్పేది), టీ (టెస్ట్, ఫలితం చెప్పేది) అని రెండు చోట్లుంటాయి. రక్తం చుక్క వేసి, కిట్‌తో వచ్చిన బఫర్ ద్రవం చుక్కలు వేస్తే తడి పట్టీ వెంట మెల్లగా పాకుతుంది. సీ దగ్గర గీత రాకపోతే టీ దగ్గర ఏమున్నా ఆ పరీక్ష చెల్లదు, కొత్త కార్డు తీయాల్సిందే. టీ దగ్గర గీత లేతగా వచ్చినా గీతే. ఎప్పుడు చూడాలో కిట్ కాగితంలో రాసి ఉంటుంది, చాలా కిట్లకు 15–20 నిమిషాలు. ముందే చూస్తే లేత గీత ఇంకా తేలకపోవచ్చు. గంట తర్వాత చూస్తే ఎండిన పట్టీ మీద లేని గీత కనబడవచ్చు. చాలా కిట్లను 30 డిగ్రీలకు మించని చోట దాచాలి. రెంటచింతల మే ఎండలో బైక్ డిక్కీలో తిరిగిన కిట్ మాట నేనైతే నమ్మను.

ఇక రియాక్టివ్ సంగతి. లక్షమందిలో 200 మందికి హెచ్‌ఐవీ ఉందనుకోండి. సోకని వెయ్యిమందిలో ఐదుగురిని మాత్రమే పొరబడే కిట్‌తో అందరినీ పరీక్షిస్తే, నిజంగా ఉన్న 200 మందితో పాటు లేనివాళ్లు దాదాపు 499 మంది రియాక్టివ్‌గా తేలతారు. కిట్ మంచిదే. లేనివాళ్లు అంత ఎక్కువమంది ఉన్నప్పుడు చిన్న పొరపాటు శాతం కూడా పెద్ద సంఖ్య అవుతుంది. అందుకే హెచ్‌ఐవీ సలహా, పరీక్షలు అందించే మన ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాల్లో ఒక్క కార్డుతో తీర్పు చెప్పరు. వేర్వేరు రకాల మూడు కిట్లతో చూసి, మూడూ రియాక్టివ్ అయితేనే పాజిటివ్ అని రాస్తారు. ఒక కిట్‌ను మోసగించిన రక్తం మిగతా రెండింటినీ మోసగించడం చాలా అరుదు. ఫలితాలు పొంతన కుదరక తేలకపోతే, కనీసం రెండు వారాలాగి మళ్లీ రక్తం తీస్తారు. ఈ కేంద్రాల్లో పరీక్ష ఉచితం. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మీ సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. సందేహాలకు 1097 హెల్ప్‌లైన్ నంబరు ఉంది.

పాజిటివ్ తల్లికి పుట్టిన బిడ్డకు ఈ కార్డు పనికిరాదు. తల్లి యాంటీబాడీలు బిడ్డ రక్తంలో 18 నెలల దాకా ఉండవచ్చు, అవి చూసి బిడ్డకూ సోకిందనుకుంటే పొరపాటు. అందుకే ఆరు వారాల వయసులో మడమ నుంచి రక్తపు చుక్కలు కాగితం మీద ఆరబెట్టి, వైరస్‌నే వెతికే పీసీఆర్ పరీక్షకు పంపుతారు.

హెచ్‌ఐవీని అణిచే ఏఆర్‌టీ మందులు వాడుతున్నవాళ్లు "తగ్గిపోయిందేమో" అని మళ్లీ ర్యాపిడ్ చేయించుకోవద్దు. మందులతో వైరస్ అణిగితే కొందరిలో యాంటీబాడీలు కూడా తగ్గి తప్పుగా నాన్‌రియాక్టివ్ రావచ్చు. వాళ్లు చూసుకోవాల్సింది వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క. అది మిల్లీలీటరుకు 200 కాపీల లోపే నిలకడగా ఉంటే శృంగారం ద్వారా భాగస్వామికి సోకదు. మందు ఆపితే మాత్రం, సాధారణంగా కొన్ని వారాల్లోనే వైరస్ మళ్లీ లేస్తుంది.