నడక వేగంలో బరువు బండి: అపోహలు - వాస్తవాలు

నేర్చుకోవడానికి వచ్చేవాళ్లను మొదట ఒక్కటే అడుగుతాను: "ఇంతవరకు బండి ఎక్కడెక్కడ పడేశారు?" జవాబులు దాదాపు ఒకేలా ఉంటాయి. ఇంటి ముందు ర్యాంపు మీద. పెట్రోలు బంకులో గాలి పట్టించుకొని మళ్లించుకునేటప్పుడు. ఏడురోడ్ల కూడలిలో ఆటో అడ్డమొచ్చినప్పుడు. గండికోటలో బండి నిలబెట్టబోయి కంకర మీద. హైవేలో స్పీడుగా పోతూ పడ్డామని చెప్పేవాళ్లు అరుదు. లడఖ్ దాకా పోయి క్షేమంగా తిరిగొచ్చిన మనిషి సొంత గేటు ముందర బండి పడేసుకొని నా దగ్గరికొచ్చాడు.

నేను కడపలో చాలా ఏళ్లు షెడ్డులో బుల్లెట్ల పని చేశాను. ఇప్పుడు ఆదివారాలు ఊరి బయట ఒక వెంచర్‌లో, ప్లాట్లు వేసి రోడ్లు పోసి ఇంకా ఇళ్లు లేవని చోట, బరువు బండ్లను నెమ్మదిగా నడపడం నేర్పుతున్నాను. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ఆపేస్తాం. మా ఎండలకు ఆ తర్వాత హెల్మెట్‌లో తల నిలవదు. అక్కడ వారం వారం వినే మాటలే ఇవి. వీటిని నమ్మి కాళ్లు విరగ్గొట్టుకున్నవాళ్లను చూశాను కాబట్టి రాస్తున్నాను.

అపోహ: బరువు బండికి కండబలం కావాలి

స్ప్లెండర్ బరువు 112 కిలోల దగ్గర ఉంటుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 అయితే 195 కిలోలు. సూపర్ మీటియర్ 650 అయితే 241. ఈ అంకెలు చూసి సన్నగా ఉన్నవాళ్లు భయపడతారు, జిమ్‌కు పోయేవాళ్లు ధీమాగా ఉంటారు. రెండూ తప్పే.

మొదటి రోజు నేను ఒక పని చేయిస్తాను. ఇంజన్ ఆపిన బండిని స్టాండు తీసి నిటారుగా నిలబెడతాను. పక్కన నిల్చొని రెండు వేళ్లతో హ్యాండిల్ పట్టుకోమంటాను. బండి నిలబడుతుంది, ఎందుకంటే ఆ 195 కిలోలూ చక్రాలే మోస్తున్నాయి. తర్వాత వాళ్ల వైపుకు ఒక జానెడు వంచుతాను. అప్పుడు రెండు చేతులూ కావాలి. ఇంకో జానెడు వంచితే నేను కూడా పట్టుకోవాల్సిందే. వంగేకొద్దీ బరువు చక్రాల మీది నుంచి మన మీదికి వస్తుంది. ఒక హద్దు దాటాక ఎంత బలవంతుడైనా ఆపలేడు. కాబట్టి నేర్చుకోవాల్సింది బండిని ఆ హద్దు దాకా పోనివ్వకపోవడం.

ట్యాంకు నిండుగా ఉంటే ఈ లెక్క ఇంకాస్త మారుతుంది. 13 లీటర్ల పెట్రోలంటే దాదాపు 10 కిలోలు, అదీ బండి పైభాగంలో. కొత్తగా నేర్చుకునేవాళ్లను సగం ట్యాంకుతో రమ్మంటాను.

ఒక టీచరమ్మ వచ్చింది. ఆమె బరువు యాభై కిలోలు కూడా ఉండదు. భర్త బుల్లెట్టు తీసుకొచ్చి, "అన్నా, ఇది నా వల్ల అవుతాదా?" అని అడిగింది. నాలుగో ఆదివారానికి రోడ్డు వెడల్పులోనే కాలు దించకుండా యూటర్న్ తిప్పింది. అదే బ్యాచ్‌లో ఉన్న ఒక పహిల్వాన్ లాంటి తమ్ముడు అప్పటికి మూడుసార్లు పడేశాడు. తూలిన ప్రతిసారీ భుజబలంతో లాగాలని చూశాడు, క్లచ్చును నమ్మలేదు. ఆ తర్వాత అతనూ నేర్చుకున్నాడు, కాకపోతే ముందు చేతులు వదులు చేసుకోవడం నేర్చుకోవాల్సి వచ్చింది.

అపోహ: సగం క్లచ్చు పట్టుకొని నడిపితే ప్లేట్లు కాలిపోతాయి

అన్నిటికంటే చెరుపు చేసేది ఈ మాటే. నాన్నలు కొడుకులకు, మెకానిక్కులు కస్టమర్లకు చెప్పి చెప్పి పాతుకుపోయింది. దీన్ని నమ్మినవాడు క్లచ్చును స్విచ్చులాగా వాడతాడు. పూర్తిగా నొక్కుతాడు, లేదా పూర్తిగా వదిలేస్తాడు. నడక వేగంలో ఈ రెండింటి మధ్య ఉన్న చోటే మనకు కావాలి.

మన మోటార్ సైకిళ్లలో దాదాపు అన్నిటికీ క్లచ్ ప్లేట్లు ఆయిల్లో తడిసి ఉంటాయి. కొద్దిగా జారినప్పుడు పుట్టే వేడిని ఆయిల్ తీసుకుపోతుంది. కార్లలో మామూలుగా ఉండేది పొడి క్లచ్చు, దానికి ఆ వసతి లేదు. కారు గురించి చెప్పిన జాగ్రత్త బైకుకు అతుక్కుపోయింది. ఫస్ట్ గేర్లో, తక్కువ రేజ్ మీద, గ్రౌండులో పావుగంట సగం క్లచ్చుతో తిరిగితే ప్లేట్లకు ఏమీ కాదు. పావుగంటకోసారి ఆపి ఇంజన్ చల్లారనివ్వండి, చాలు.

మరి ప్లేట్లు కాలవా? కాలతాయి. షెడ్డులో నేను విప్పిన క్లచ్చుల్లో ఉక్కు ప్లేట్లు నీలిరంగు ఎక్కి, వాసన ముక్కుకు కొట్టినవి ఎన్నో. వాటికి కారణాలు వేరు. లీవర్ మొదట్లో ఉండాల్సిన రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ లేకుండా కేబుల్ బిగించేయడం. హైవేలో కూడా లీవర్ మీద వేళ్లు వేసి నొక్కుతూ పోవడం. చవగ్గా వస్తుందని కారు ఇంజన్ ఆయిల్ పోయడం: అందులో జారుడు కోసం కలిపే పదార్థాలు తడి క్లచ్చు పట్టును చెడగొడతాయి. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (తడి క్లచ్చుకు సరిపోయే ఆయిల్ అనే గుర్తు) అని ఉందో లేదో చూసుకోండి. ఇంకొకటి గువ్వలచెరువు ఘాటు. ఇద్దరు కూర్చొని, సామాన్లు కట్టుకొని, ఎక్కుతున్న లారీకి అంటుకొని, సెకండ్ గేర్లోనే సగం క్లచ్చు మీద కొండంతా ఎక్కుతారు. అక్కడ చేయాల్సింది లారీకి దూరం ఇచ్చి ఆగడం, సందు దొరికాక ఫస్ట్‌లో కదిలి క్లచ్చు పూర్తిగా వదిలేయడం.

ఇక నేర్చుకునే తీరు. చదునైన చోట బండి మీద కూర్చొని రెండు పాదాలూ నేల మీద ఉంచండి. ఫస్ట్ గేరు వేయండి. రేజ్ ముట్టుకోవద్దు. లీవర్‌ను వెంట్రుకవాసి చొప్పున వదలండి. ఒకచోట ఇంజన్ శబ్దం బరువెక్కి కాస్త కిందికి దిగుతుంది. సీటు కింద బండి ముందుకు పోదామని ఒక్క పిసరు మొగ్గుతుంది. షెడ్డులో మేము దీన్నే "బండి ఎత్తుకునే చోటు" అంటాం. అక్కడే ఆపండి. ఇంకొంచెం వదిలితే బండి అడుగు ముందుకు పోతుంది. లీవర్ నొక్కి కాళ్లతో అడుగు వెనక్కి నెట్టుకోండి. మళ్లీ వదలండి. ఇట్లా ఇరవై ముప్పైసార్లు. నేను మాట్లాడుతూ, వాళ్లను మాట్లాడిస్తూ చేయిస్తాను, ఎందుకంటే బుర్ర వేరేచోట ఉన్నా వేళ్లకు ఆ చోటు తెలియాలి.

అది కుదిరాక రెండోది. రేజ్‌ను కొంచెం పెంచి అక్కడే బిగబట్టండి, ఇక కుడి మణికట్టు కదలకూడదు. కుడిపాదంతో వెనక బ్రేకును లేతగా ఆనించండి. వేగమంతా ఎడమచేతి వేళ్లతోనే పెంచండి, తగ్గించండి. వెనక బ్రేకు కొంచెం పట్టి ఉంటే బండి కుదుపులు లేకుండా, తాడు కట్టి లాగినట్టు సాగుతుంది. (కుడికాలితో గేరు మార్చే పాత బుల్లెట్లలో బ్రేకు ఎడమకాలికి ఉంటుంది. అవి నడిపేవాళ్లు పాదం మార్చి చదువుకోవాలి.)

ముగ్గుపిండితో 20 మీటర్ల గీత గీస్తాను. దాన్ని 15 సెకన్ల కంటే ముందే దాటకూడదు. గంటకు ఐదు కిలోమీటర్ల లోపన్నమాట, అంటే మనిషి నడక. మొదటి రోజు అందరూ ఆరేడు సెకన్లలో దాటేస్తారు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. మలుపులో బండి లోపలికి పడిపోతున్నట్టు అనిపిస్తే చెయ్యి తనంతట క్లచ్చు గట్టిగా నొక్కేస్తుంది. చక్రానికి అందే లాగుడు ఆగిపోతుంది, బండి నిజంగానే పడుతుంది. ఆ క్షణాన లీవర్‌ను కొంచెం వదలాలి. లాగుడు అందగానే బండి లేస్తుంది. ఇది చెబితే నమ్మరు, ఒకసారి జరిగితే మరిచిపోరు.

అపోహ: కాళ్లు దించి నడిపితే సేఫ్

కాళ్లు రెండు పక్కలా వేలాడేసుకొని ట్రాఫిక్‌లో పోవడం మన ఊళ్లో ప్రతి సిగ్నల్ దగ్గరా కనిపిస్తుంది. వంద కిలోల బండితో అలవాటైన పని అది. కుడికాలు దించితే వెనక బ్రేకు పోయింది. మోకాళ్లు ట్యాంకును వదిలేస్తే బండి ఒకవైపు, మనం ఒకవైపు. ఇక కదులుతున్న రెండు వందల కిలోల బండి తూలుతుంటే పాదం నేలకు ఆనించి ఆపబోతే చీలమండ మెలిపడుతుంది. బండి కదిలిన మొదటి గజంలోనే పాదాలు ఫుట్‌రెస్ట్ మీదికి రావాలి. పూర్తిగా ఆగేటప్పుడు ఎడమకాలు దించండి, కుడికాలు బ్రేకు మీదే ఉండాలి.

ఎత్తు తక్కువవాళ్లు "నాకు రెండు మడమలూ ఆనవు, ఈ బండి వద్దేమో" అంటారు. ఒక పాదం ముందుభాగం గట్టిగా ఆనితే చాలు. ఆగే చోటు చూసి ఆగడం అలవాటు చేసుకోండి: కాలు పెట్టబోయే వైపు గుంతగానీ పల్లంగానీ ఉండకూడదు.

అపోహ: బ్రేకుల్లో ముందు బ్రేకే గొప్పది, ఎప్పుడూ అదే

వేగంలో ఇది నిజమే. గట్టిగా ఆగాల్సి వచ్చినప్పుడు బరువు ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి ఆపే శక్తి ఎక్కువ అక్కడే ఉంటుంది. "ముందు బ్రేకు పట్టొద్దు, పల్టీ కొడతావ్" అని భయపెట్టేవాళ్ల మాట వినొద్దు.

నడక వేగంలో హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు మాత్రం ముందు బ్రేకు నొక్కారా, బండి తిరిగిన వైపుకు కుప్పకూలుతుంది. ఏబీఎస్ ఉందిగా అంటారు. చక్రం జారకుండా చూడటమే దాని పని, అదీ బాగా తక్కువ వేగంలో పనిచేయదు. తూలడాన్ని ఆపడం దాని వల్ల కాదు. అందుకే యూటర్న్‌లో కుడిచేతి నాలుగు వేళ్లూ గ్రిప్పు చుట్టే ఉండాలి, లీవర్ మీద ఉండకూడదు. ఆగాలంటే ముందు హ్యాండిల్ నేరుగా చేసి, తర్వాత ముందు బ్రేకు వాడండి.

మన ఇళ్ల ముందు నునుపు చేసిన బండలు పరుస్తాం. కడప బండ పొడిగా ఉంటే బాగానే పడుతుంది. కల్లాపి చల్లిన పొద్దునో, మీద దుమ్ము ఉన్నప్పుడో అది గాజు. గేటులోంచి దిగుతూ, హ్యాండిల్ తిప్పుతూ, ముందు బ్రేకు నొక్కడం... నా దగ్గరికి వచ్చిన విరిగిన లీవర్లలో ఎక్కువ భాగం వెనక ఈ కథే ఉండేది.

అపోహ: వేగంగా నడిపేవాడికి నెమ్మదిగా నడపడం ఒక లెక్కా?

వేగంలో బండి తనను తానే నిలబెట్టుకుంటుంది. నెమ్మదైతే ఆ సాయం పోతుంది, నిలబెట్టే పని మన మీద పడుతుంది. తూలిన వైపుకే హ్యాండిల్ కాస్త తిప్పితే చక్రాలు బరువు కిందికి వచ్చి చేరతాయి, చీపురుపుల్లను అరచేతిలో నిలబెట్టినప్పుడు చెయ్యి జరిపినట్టు.

ఒళ్లు పెట్టే తీరు కూడా తలకిందులవుతుంది. ఘాటు మలుపులో మనం బండితో పాటు లోపలికి వంగుతాం. బిగుతు యూటర్న్‌లో బండిని లోపలికి వంచి, మనం సీటు మీద బయటి వైపుకు జరిగి నిటారుగా కూర్చోవాలి. అప్పుడే హ్యాండిల్ చివరిదాకా తిరుగుతుంది.

ఇక చూపు. ముందు చక్రం వైపు చూశారా, బండి అక్కడే పడుతుంది. కుడివైపు తిరగాలంటే గడ్డం కుడిభుజం మీదికి వచ్చేలా తల తిప్పి, బండి చివరికి ఎటు పోవాలో అటు చూడాలి. నేను మలుపు అవతల నిలబడి వేళ్లు చూపిస్తాను, ఎన్ని వేళ్లో అరిచి చెప్పమంటాను. తిట్టినా బతిమాలినా తిరగని తలలు వేళ్లు లెక్కపెట్టడానికి తిరుగుతాయి. 24 అడుగుల వెడల్పులో మొదలుపెట్టి, కుదిరాక 20 అడుగులకు తగ్గిస్తాం. ఎడమ మలుపు చాలామందికి తొందరగా వస్తుంది. కుడివైపు తిరిగేటప్పుడు రేజ్ ఉన్న చేయి దగ్గరికి ముడుచుకుంటుంది కాబట్టి కష్టం, దానికి రెట్టింపు సాధన పెట్టుకోండి.

అపోహ: లైసెన్సుంది కదా, టెస్టులో ఎయిట్ కూడా వేశాను

ఏ బండి మీద వేశారు? మన దగ్గర గేరున్న మోటార్ సైకిల్ లైసెన్సు ఒక్కటే. 100 సీసీ బండి మీద టెస్టు పాసైనవాడు అదే కార్డుతో రేపు 650 సీసీ బండి కొనొచ్చు. చట్టం అడ్డం లేదు, మీ ఒంటికి మాత్రం ఆ బండి కొత్త. అదే ఎయిట్‌ను మీ బండి మీద, పాదం దించకుండా, వరుసగా ఐదుసార్లు వేయండి.

అపోహ: పడిపోతున్న బండిని ఎట్లాగైనా ఆపాలి

ఇంజన్ గార్డు ఉందిలే అనుకొని అజాగ్రత్తగా ఉండటం ఎంత తప్పో, బండికి గీత పడుతుందని కాలు అడ్డం పెట్టడం అంతకంటే పెద్ద తప్పు. నేను ఆ తప్పు చేశాను. కొత్త బండి, వాన వెలిసిన సాయంత్రం, మా ఇంటి ర్యాంపు. హద్దు దాటి వంగిన బండిని నడుము బిగించి లేపబోయాను. బండి పడనే పడింది, నా నడుం పట్టేసింది. మూడు వారాలు షెడ్డుకు పోలేకపోయాను. లీవరు కొన్ని వందల్లో వస్తుంది, వెన్నుపూసకు అంగడి లేదు. హద్దు దాటిందని తెలిసిన వెంటనే హ్యాండిల్ వదిలేసి పక్కకు తప్పుకోండి.

పడ్డాక ఎత్తడానికి పద్ధతుంది. ముందు తాళం ఆఫ్ చేయండి. బండి కుడివైపు పడి ఉంటే సైడ్ స్టాండు ముందే తెరిచి పెట్టండి, లేదంటే లేచిన బండి అవతలికి పడుతుంది. గేరులో ఉంటే చక్రం దొర్లదు. బండికి వీపు పెట్టి, సీటు అంచుకు పిరుదులు ఆనించి కూర్చోండి. ఒక చేత్తో నేల వైపున్న గ్రిప్పు, ఇంకో చేత్తో సీటు కింద గట్టి కడ్డీ పట్టుకోండి. నడుము వంచకుండా తొడల బలంతో చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తూ లేవండి. ఎడమవైపు పడి ఉంటే స్టాండు ముందే వేయడం కుదరదు, నిలబడ్డాక కాలితో వెతికి వేసుకోవాలి. పెట్రోలు కారిందేమో చూసి, క్లచ్ లీవరు, బ్రేకు పెడలు వంగలేదని తేల్చుకోండి. కొన్ని కొత్త బండ్లలో పడగానే ఇంజన్ ఆపేసే సెన్సర్ ఉంటుంది, తాళం ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తేగానీ అవి స్టార్టు కావు. అది తెలియక బండి పాడైందని అర్ధరాత్రి నాకు ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు.