సీజన్ కాని టైంలో బోన్సాయ్ కుండీ మార్చడం: అపోహలు - వాస్తవాలు

డాబా మీద బోన్సాయ్‌లు పెంచుతానని తెలిసినవాళ్ల దగ్గర్నుంచి డిసెంబర్‌లోనో నడి మే ఎండల్లోనో ఫోన్లు వస్తుంటాయి, చెట్టు పోయేలా ఉంది, కుండీ మారుద్దామంటే సీజన్ కాదంటున్నారు, ఏం చెయ్యమంటావ్ అని.

అపోహ: సీజన్ కాకపోతే అస్సలు ముట్టుకోకూడదు.

మామూలుగా అయితే కరెక్టే, మన హైదరాబాద్ వాతావరణంలో జువ్వి, మర్రి, రావి లాంటివాటికి చలి పోయాక గానీ, తొలకరి పడ్డాక గానీ మార్చుకోవడం మంచిది. కానీ వేరు కుళ్లు మార్చి నెల దాకా ఆగదు కదా. ఒక డిసెంబర్‌లో మా వీధి ఆంటీ తన జువ్వి తెచ్చారు, నీళ్లు పోస్తే పది నిమిషాలైనా పైనే నిలబడ్డాయి, కుండీ వంచితే మురిక్కాలవ వాసన. తీసి చూస్తే మొత్తం బంకమట్టి ముద్ద. ఒక వేరు పట్టుకుని లాగితే పైతొక్క జారి చేతికొచ్చేసింది, లోపల దారప్పోగులాంటిది మాత్రం మిగిలింది. అదే కుళ్లు, ఇక సీజన్ చూసేదేముంది.

అపోహ: ఎలాగూ తీశాం కదా, వేర్లన్నీ ట్రిమ్ చేసేద్దాం.

ఎక్కువ చెట్లు చచ్చేది ఇక్కడే. నల్లగా మెత్తబడ్డవి మాత్రమే తియ్యాలి, గట్టిగా ఉన్న వేరు జోలికి వెళ్లొద్దు. కుండీ పగిలింది గానీ వేర్లు బాగానే ఉన్నాయంటే ఇంకా ఈజీ, మట్టిగడ్డ కదలకుండా కాస్త పెద్ద కుండీలోకి దించేసి చుట్టూ నింపడమే, చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ టబ్ అయినా పర్లేదు, అందం సంగతి తర్వాత. కాగితంపూల చెట్టు వేర్లు అయితే మరీ పెళుసు, మట్టి వదిలించడానికి దువ్వబోతే విరుగుతాయి. చెట్టుని తీగతో కుండీకి కట్టండి, గాలికి ఊగితే కొత్తగా వచ్చే సన్న వేర్లు తెగిపోతాయి.

అపోహ: అడుగున గులకరాళ్లు వేస్తే నీళ్లు బాగా దిగుతాయి.

దిగవు. సన్న మట్టి పట్టుకున్న నీళ్లు కింద రాళ్లలోకి అంత తేలిగ్గా జారవు, తడి పొర ఇంకాస్త పైకి, వేర్ల దగ్గరికే వస్తుంది. మారాల్సింది మట్టి. నేనైతే 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఇటుక ముక్కలు దుమ్ము లేకుండా జల్లించి కొంచెం కంపోస్ట్ కలుపుతా.

అపోహ: నీరసంగా ఉంది, ఎరువు వెయ్యాలి, ఆకులు తెంపాలి.

రెండూ వద్దు. దెబ్బతిన్న వేర్లకి ఎరువులోని ఉప్పు తగిలితే ఇంకా మాడతాయి, కొత్త చిగురు బాగా సాగేదాకా ఆగండి. కొత్త వేరుకి తిండి వండేదే ఆకు, దాన్నెందుకు తెంపడం? గాలి తగలని నీడలో పెట్టి పుల్ల గుచ్చి చూసి లోపల ఆరుతున్నప్పుడే నీళ్లివ్వండి. పాలిథిన్ కవర్ కప్పితే మంచిదే గానీ ఎండ తగిలితే లోపల ఉడికిపోతుంది. ఆకుల్లో నీళ్లు దాచుకునే జేడ్ మొక్కకి మాత్రం కవర్, నీళ్ల సంగతి వేరు, కవర్ వద్దు, వేరు కోశాక ఓ వారం నీళ్లే ఆపాలి.

టబ్‌లోకి మార్చిన ఆంటీ చెట్టు రెండు వారాల్లో ఆకులన్నీ రాల్చేసింది, పారేద్దామన్నారు. గోరుతో బెరడు గీకితే కింద పచ్చగానే ఉంది, ఆగమన్నా. ఫిబ్రవరిలో సూదిలాంటి మొగ్గ కనబడింది. వెంటనే ఫోన్, "ఇప్పుడు సీజనే కదా బాబూ, ఆ టబ్‌లోంచి తీసి మంచి కుండీలో పెడదామా?" వచ్చే ఏడాది ఆంటీ, వచ్చే ఏడాది.