పిల్లాడు రానంటే వైద్యం ఆగాలా? పిల్లల ఆందోళన రుగ్మతలు: అపోహలు - వాస్తవాలు

పిల్లల సైకాలజిస్ట్‌గా నేను తరచూ వినే మాట ఇది: "తీసుకొద్దామంటే వాడు రానంటున్నాడండీ. ఒప్పుకున్నాక వస్తాం." ఆ ఒప్పుకోలు కోసం ఎదురుచూస్తుండగానే ఏడాది గడిచిపోతుంది. ఈలోగా పిల్లాడు బడికి పూర్తిగా దూరమవుతాడు.

అపోహ: పిల్లలు రాకపోతే చేయగలిగిందేం లేదు.

వాస్తవం: అమ్మానాన్నలు వస్తే చాలు, పని మొదలవుతుంది. యేల్ విశ్వవిద్యాలయంలో ఎలై లెబోవిట్జ్ బృందం రూపొందించిన 'స్పేస్' పద్ధతిలో థెరపిస్ట్ కలిసేది తల్లిదండ్రులనే. 2020లో వచ్చిన వాళ్ల అధ్యయనంలో 124 మంది పిల్లలున్నారు. కొందరికి నేరుగా సీబీటీ ఇచ్చారు, అంటే భయం పుట్టించే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స. మిగతావాళ్ల విషయంలో తల్లిదండ్రులతో మాత్రమే పనిచేశారు. పిల్లల ఆందోళన తగ్గడంలో రెండోది మొదటిదానికి తీసిపోలేదు.

ఎందుకంటే పిల్లాడి భయానికి తగ్గట్టు ఇల్లంతా సర్దుకుంటూ పోతుంది. వాడి బదులు మనమే మాట్లాడతాం, పక్కనే పడుకుంటాం, అడిగిందే అడిగినా ఓపిగ్గా జవాబిస్తాం. ప్రేమతోనే చేస్తాం. ఆ పూటకి గండం గడుస్తుంది కానీ, భయాన్ని తట్టుకోగలనని తెలుసుకునే అవకాశం వాడికి రాదు. అందుకే ఆ సర్దుబాట్లను మెల్లగా తగ్గించడం అమ్మానాన్నలకు నేర్పుతాం.

ఒకావిడ కూతురు రోజూ పడుకునే ముందు "అమ్మా, నాకేం కాదుగా?" అని లెక్కలేనన్నిసార్లు అడిగేది. పాప నా దగ్గరికి రానంది. ఆ ఒక్క విషయమే పట్టుకున్నాం. ఇకపై ఏం చేయబోతోందో తల్లి పగటిపూటే పాపకు చెప్పింది. రాత్రి ఒక్కసారే జవాబు: "నీకు భయంగా ఉందని తెలుసు. నువ్వు తట్టుకోగలవనీ తెలుసు." మొదట్లో ఏడుపులు, అరుపులు. "నేను మరీ రాక్షసిలా చేస్తున్నానా?" అని ఆ తల్లి ఫోన్‌లో ఏడ్చింది. కాదమ్మా, మొదట్లో అలా పెరగడం మామూలే. మెల్లగా ప్రశ్నలు తగ్గాయి. తర్వాత పాప తనంతట తానే వచ్చింది, ముఖ్యంగా వాళ్లమ్మ మీద ఫిర్యాదు చేయడానికి!

మిగతా అపోహల గురించి గబగబా చెప్పేస్తాను.

"పెంపకం లోపం." కాదు. ఇందులో వంశపారంపర్యం పాత్ర ఉంది, పిల్లల స్వభావం పాత్ర ఉంది. తప్పు మీ పెంపకానిదేనని చెప్పి మీ నిద్ర చెడగొట్టే చుట్టాలకు జవాబివ్వక్కర్లేదు.

"పెద్దయితే పోతుంది." చిన్నచిన్న భయాలు పోతాయి. బడి, నిద్ర, స్నేహాలు వారాల తరబడి దెబ్బతింటుంటే మాత్రం ఆగొద్దు.

"మందులు వాడితే బానిసలవుతారు." డాక్టర్లు సాధారణంగా ముందు ఎంచుకునే ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు (మెదడులోని సెరటోనిన్ అనే రసాయనంపై పనిచేసే మందులు) వ్యసనం కలిగించేవి కావు. అయితే మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలేమైనా వస్తున్నాయేమో దగ్గరుండి గమనించాలి, డాక్టరుకు చెప్పకుండా మందు ఆపేయకూడదు. 488 మంది పిల్లలపై జరిగి 2008లో వెలువడిన అధ్యయనంలో సీబీటీతో 60 శాతం, సెర్‌ట్రలిన్ అనే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందుతో 55 శాతం, రెండూ కలిపితే 81 శాతం మంది బాగా మెరుగయ్యారు.

మొదటిసారి వచ్చేటప్పుడు పాత రిపోర్టుల కట్ట కన్నా నాకు పనికొచ్చేది ఒక కాగితం. పిల్లాడి భయం కోసం వారంలో మీరేమేం చేశారో, ఏమేం మానుకున్నారో రాసి తీసుకురండి. చనిపోతానని గానీ, తనకు తాను హాని చేసుకుంటానని గానీ అంటుంటే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.